వర్చువలైజేషన్ హోస్ట్‌లో నెట్‌వర్క్ ఆగితే: తెగిన చోటును పట్టుకునే పద్ధతి

అనంతపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ కళాశాలలు, రక్తపరీక్షల ల్యాబులు, పట్టుచీరల దుకాణాల సర్వర్లు చూసిపెట్టడం నా పని. నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: ‘వీఎంకు నెట్ రావడం లేదండీ, రీస్టార్ట్ చేశాం, అయినా రాలేదు.’ వీఎం అంటే వర్చువల్ మెషీన్, ఒక సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే విడి కంప్యూటర్; దాన్ని మోసే అసలు సర్వరే హోస్ట్. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పిందే మళ్లీ చెబుతూ వచ్చాను. అదంతా వరుసగా ఇక్కడ పెడుతున్నాను.

ఉదాహరణలు ఎక్కువగా ప్రాక్స్‌మాక్స్ (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్) మీద ఉంటాయి, ఎందుకంటే నేను రోజూ పనిచేసేది దానిమీదే. అలాంటివే అయిన ఈఎస్ఎక్స్‌ఐ, హైపర్-వీ వాడేవారికి వేరుగా ఒక భాగం ఉంది. ఆదేశాల పేర్లు తెలుగు లిపిలో రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, ‘పెద్ద’ అని చెప్పిన చోట మాత్రం పెద్ద అక్షరం. ‘ఎంపిక’ అంటే ఆదేశంలో చిన్న గీత పెట్టి రాసే అక్షరం.

1. చేయి పెట్టే ముందు

మొదట వెనక్కి వచ్చే దారి చూసుకోండి. హోస్ట్ నెట్‌వర్క్‌ను అదే నెట్‌వర్క్ మీదుగా లోపలికి వెళ్లి మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే. ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. ఒకసారి అనంతపురంలో ఇంట్లో కూర్చుని కడపలోని ఒక హోస్ట్‌లో బ్రిడ్జ్ (వీఎంలను నెట్‌వర్క్‌తో కలిపే అమరిక, వివరం 4వ భాగంలో) పేరు సవరించాను. ఎంటర్ కొట్టగానే తెర కదలకుండా నిలిచిపోయింది. తప్పు ఒక్క అక్షరమే. దాన్ని దిద్దడానికి మర్నాడు తాడిపత్రి మీదుగా బస్సులో వెళ్లాల్సి వచ్చింది.

కాబట్టి ముందు ఇవి సిద్ధం చేసుకోండి:

- సర్వర్‌కు రిమోట్ కన్సోల్ ఉంటే (ఐడ్రాక్, ఐలో, ఐపీఎంఐ వంటివి) దాని చిరునామా, పాస్‌వర్డ్ పనిచేస్తున్నాయో లేదో ఇప్పుడే చూడండి. లేకపోతే మానిటర్, కీబోర్డు సర్వర్‌కు తగిలించి పెట్టమని అక్కడి మనిషికి చెప్పండి.
- ఈటీసీ డైరెక్టరీలోని నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఉండే ‘ఇంటర్‌ఫేసెస్’ ఫైలుకు తేదీ వేసి నకలు తీయండి.
- ఏ కేబుల్ నెట్‌వర్క్ స్విచ్‌లో (కేబుళ్లన్నీ కలిసే పెట్టె) ఏ పోర్టులో ఉందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పీకిన తర్వాత గుర్తుండదు.
- పనిచేస్తుందని మీకు తెలిసిన కేబుల్ ఒకటి, నెట్‌వర్క్ పోర్టు ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి దగ్గర పెట్టుకోండి.
- ఒక కాగితం, పెన్ను. ఏ నిమిషానికి ఏం మార్చారో రాయండి.

దూరం నుంచి మార్చక తప్పనప్పుడు ఒక ఉపాయం ఉంది. ‘స్క్రీన్’ లేదా ‘టీమక్స్’ (లైను తెగినా ఆదేశం నడుస్తూనే ఉండేలా చూసే సాధనాలు) సెషన్‌లో 300 సెకన్లు ఆగి, పాత ఫైలును తిరిగి దాని చోట పెట్టి, నెట్‌వర్క్‌ను మళ్లీ చదివించే ఆదేశాన్ని ముందుగా నడిపించండి. ఆ తర్వాతే కొత్త మార్పు చేయండి. మార్పు తర్వాత కూడా లోపలికి రాగలిగితే ఆ ఆదేశాన్ని ఆపేయండి. రాలేకపోతే అయిదు నిమిషాలు ఓపిక పట్టండి, పాత స్థితి దానంతటదే వస్తుంది. బస్సు టికెట్ కంటే ఇది చవక.

2. ఎవరికి పోయిందో తేల్చండి

ఇది రెండు నిమిషాల పని. కానీ చాలామంది దీన్నే దాటేసి నేరుగా సెట్టింగులు తిప్పడం మొదలుపెడతారు. ‘నెట్ లేదు’ అనే మాటలో పది రకాల లోపాలు దాగి ఉంటాయి. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది తెలిస్తే ఎనిమిది రకాలు అక్కడే తొలగిపోతాయి.

ఒక్క వీఎంకే లేదు, దాని పక్కన ఉన్నవి బాగున్నాయి అంటే హోస్ట్ జోలికి పోవద్దు. లోపం ఆ వీఎంలోనో, దాని వర్చువల్ కార్డు అమరికలోనో ఉంటుంది. 7వ భాగానికి వెళ్లండి.

ఒకే వీలాన్‌లోని (ఒకే తీగ మీద సంఖ్యతో వేరు చేసిన నెట్‌వర్క్) వీఎంలన్నీ పోయి, మిగిలిన వీలాన్‌లు నడుస్తుంటే స్విచ్ ట్రంక్ పోర్టును (పలు వీలాన్‌లను మోసే పోర్టు) గానీ బ్రిడ్జ్‌ను గానీ అనుమానించండి. 5వ భాగం చూడండి.

హోస్ట్ పలుకుతోంది, వీఎంలు మాత్రం ఒక్కటీ బయటికి వెళ్లడం లేదు అంటే బ్రిడ్జ్, ఫైర్‌వాల్, స్విచ్‌లోని పోర్ట్ సెక్యూరిటీ ఈ మూడింటిలో ఒకటి. 4, 5 భాగాలు చదవండి.

వీఎంలు బాగున్నాయి, హోస్ట్ నిర్వహణ పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు అంటే కంగారు పడవద్దు, వినియోగదారుల పని ఆగలేదు. ప్రాక్స్‌మాక్స్ వెబ్ పేజీ 8006 పోర్టులో ఉంటుంది. బ్రౌజర్‌లో ఆ సంఖ్య మరచిపోయి గంటసేపు తల పట్టుకున్నవారిని చూశాను.

అన్నీ పోయాయి అంటే అడుగు నుంచి, అంటే 3వ భాగం నుంచి మొదలుపెట్టాలి.

ఇంకొక మాట. పరీక్ష ఎక్కడి నుంచి చేస్తున్నారన్నది కూడా ముఖ్యమే. మీ ల్యాప్‌టాప్ నుంచి పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని పంపే చిన్న పరీక్ష) కాకపోతే లోపం మీ ల్యాప్‌టాప్‌కూ సర్వర్‌కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. అదే స్విచ్‌లో ఉన్న ఇంకొక కంప్యూటర్ నుంచి ఒకసారి, హోస్ట్ కన్సోల్ నుంచి ఒకసారి, వీఎం కన్సోల్ నుంచి ఒకసారి, ఇలా మూడు చోట్ల నుంచి చూడండి.

3. కేబుల్, పోర్టు, కరెంటు

సాఫ్ట్‌వేర్ తెలిసినవారికి ఈ భాగం మీద చిన్నచూపు ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు కదా, ధర్మవరంలోని ఒక దుకాణంలో రెండు గంటలు కాన్ఫిగరేషన్ తవ్విన తర్వాత నాకు దొరికింది నిజంగా ఎలుకే. గోడ వెంట పోయే కేబుల్‌ను కొరికి పెట్టింది.

చూడవలసిన వరుస ఇది:

మొదటగా సర్వర్ వెనుక పోర్టు దీపం, స్విచ్ పోర్టు దీపం రెండూ వెలుగుతున్నాయా? ఒకవైపు వెలిగి మరొకవైపు వెలగకపోతే కేబుల్ మార్చండి.

రెండవది, హోస్ట్‌లో ‘ఐపీ లింక్’ కొట్టండి. కార్డు పేరు ఎదురుగా ‘నో క్యారియర్’ అని ఉంటే తీగ వైపు నుంచి సంకేతమే రావడం లేదని అర్థం. ఈ స్థితిలో ఐపీ చిరునామాలు ఎన్ని మార్చినా ఫలితం ఉండదు.

మూడవది, ‘ఈథ్‌టూల్’ తర్వాత కార్డు పేరు ఇచ్చి వేగం చూడండి. 1000 ఉండవలసిన చోట 100 కనిపిస్తే కేబుల్‌లో జతలు తెగాయేమో చూడాలి. గిగాబిట్‌కు నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు. అందుకే సగం తెగిన కేబుల్ పూర్తిగా ఆగిపోదు, కుంటుతూ నడుస్తుంది. ‘నెట్ ఉంది కానీ బ్యాకప్ తెల్లారినా అవడం లేదు’ అనే ఫిర్యాదుకు కారణం చాలాసార్లు ఇదే.

నాలుగవది, అదే ఆదేశానికి పెద్ద ‘ఎస్’ ఎంపిక ఇస్తే లెక్కలు వస్తాయి. సీఆర్‌సీ లోపాల (దారిలో చెడిపోయి వచ్చిన ప్యాకెట్ల) సంఖ్యను ఒకసారి రాసుకుని, పది నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. పెరుగుతుంటే కేబుల్, కనెక్టర్ లేదా పోర్టు చెడింది. పాత సంఖ్య అలాగే నిలిచి ఉంటే అది గతం, వదిలేయండి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూడవలసినవి మూడున్నాయి. రెండు భవనాల మధ్య ఆరుబయట రాగి కేబుల్ వేసి ఉంటే, వాన ముందు పడే పిడుగులకు పోర్టులు కాలిపోతాయి. స్విచ్ మొత్తం బాగానే కనిపిస్తుంది, ఆ ఒక్క పోర్టు మాత్రం చచ్చిపోయి ఉంటుంది. పోర్టు మార్చి చూడండి, తర్వాత ఆ మార్గానికి ఫైబర్ వేయించండి. రెండవది ఏప్రిల్, మే ఎండ. గాలి ఆడని గదిలో, దుమ్ము పేరుకున్న ఫ్యానుతో ఉన్న స్విచ్ మధ్యాహ్నం పూట తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. ‘రోజూ రెండు గంటలకే పోతుంది’ అని ఎవరైనా చెబితే ముందు స్విచ్ మీద చేయి వేసి చూడండి.

మూడవది కరెంటు. సర్వర్‌ను యూపీఎస్‌కు, స్విచ్‌ను గోడ సాకెట్‌కు తగిలించిన గదులు నేను లెక్కలేనన్ని చూశాను. కరెంటు పోగానే సర్వర్ దర్జాగా నడుస్తూనే ఉంటుంది, మాట్లాడటానికి మాత్రం ఎవరూ ఉండరు. వీఎంల డిస్కులు నాస్ (నెట్‌వర్క్ మీద ఉండే నిల్వ పెట్టె) మీద ఉంటే ఇంకా ప్రమాదం: స్విచ్ ఆగిన క్షణంలో వీఎంలకు డిస్కు మాయమవుతుంది. స్విచ్, నాస్, సర్వర్ మూడూ యూపీఎస్ మీదే ఉండాలి. తిరిగి ఆన్ చేసే వరుస కూడా అదే.

4. హోస్ట్ బ్రిడ్జ్, చిరునామా, గేట్‌వే

తీగ బాగుందని తేలింది. ఇప్పుడు హోస్ట్ లోపలికి.

ప్రాక్స్‌మాక్స్‌లో అసలు కార్డు ఒక వర్చువల్ స్విచ్‌కు అప్‌లింక్ (బయటికి పోయే దారి) మాత్రమే. ఆ స్విచ్ పేరే బ్రిడ్జ్, మామూలుగా ‘వీఎంబీఆర్0’ అని ఉంటుంది. హోస్ట్ ఐపీ చిరునామా బ్రిడ్జ్ మీద ఉండాలి, కార్డు మీద కాదు. రెండింటి మీదా పెట్టడం, లేదా కార్డు మీద పెట్టి బ్రిడ్జ్‌ను ఖాళీగా వదలడం కొత్తవారు చేసే మొదటి తప్పు.

కార్డు పేరు మారిందా అని కూడా చూడండి. ఇది చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. సర్వర్‌లో కొత్తగా ఏదైనా పీసీఐ కార్డు, గ్రాఫిక్స్ కార్డు లేదా ఎన్‌వీఎంఈ డిస్కు పెట్టగానే నెట్‌వర్క్ కార్డు పేరులోని అంకె జరగవచ్చు. ‘ఈఎన్‌పీ3ఎస్0’ కాస్తా ‘ఈఎన్‌పీ4ఎస్0’ అవుతుంది. ఇంటర్‌ఫేసెస్ ఫైలులో పాత పేరే ఉంటుంది కాబట్టి బ్రిడ్జ్ గాలిలో వేలాడుతుంది. ‘ఐపీ లింక్’ చూపే పేరు, ఫైలులోని పేరు అక్షరం అక్షరం పోల్చండి. వేరుగా ఉంటే ఫైలులో దిద్ది ‘ఇఫ్‌రీలోడ్’ ఆదేశానికి ‘ఏ’ ఎంపిక ఇచ్చి నడపండి.

నెట్‌వర్క్ సేవను మొత్తంగా రీస్టార్ట్ చేయడం కంటే ఈ ‘ఇఫ్‌రీలోడ్’ మేలు. మొత్తం రీస్టార్ట్ చేస్తే నడుస్తున్న వీఎంల కార్డులు బ్రిడ్జ్ నుంచి ఊడిపోయి, వాటిని ఒక్కొక్కటిగా ఆపి మళ్లీ లేపవలసిన పరిస్థితి రావచ్చు.

వెబ్ పేజీ నుంచి మార్పు చేసినవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మీరు చేసిన మార్పు ముందు ‘ఇంటర్‌ఫేసెస్ డాట్ న్యూ’ అనే ఫైలులో కూర్చుంటుంది. ‘అప్లై కాన్ఫిగరేషన్’ నొక్కితేనే లేదా హోస్ట్ రీబూట్ అయితేనే అమలవుతుంది. మూడు నెలల కిందట ఎవరో సగంలో వదిలేసిన మార్పు ఒక రాత్రి కరెంటు పోయి రాగానే అమల్లోకి వచ్చి, ‘మేం ఏమీ ముట్టుకోలేదండీ’ అనే సమస్యగా మారుతుంది.

తర్వాత గేట్‌వే, అంటే బయటి నెట్‌వర్క్‌కు దారి ఇచ్చే రూటర్. ‘ఐపీ రూట్’ కొట్టి, ‘డిఫాల్ట్’ అనే వరుసలు ఎన్ని ఉన్నాయో చూడండి. ఒక్కటే ఉండాలి. రెండు బ్రిడ్జ్‌లకు రెండు గేట్‌వేలు ఇస్తే ప్యాకెట్ ఒక దారిన వచ్చి మరొక దారిన పోతుంది, ఫైర్‌వాల్ మధ్యలో ఆపేస్తుంది.

చివరగా ‘ఐపీ నెయ్’ కొట్టండి. గేట్‌వే చిరునామా ఎదురుగా ‘రీచబుల్’ లేదా ‘స్టేల్’ ఉంటే మీ హోస్ట్ గేట్‌వేతో మాట్లాడగలిగిందని అర్థం. ‘ఫెయిల్డ్’, ‘ఇన్‌కంప్లీట్’ అని ఉంటే ఆ గేట్‌వే మీ వీలాన్‌లోనే లేదు, లేదా మధ్యలో తీగ లేదు.

గేట్‌వే పింగ్ అవుతోంది, 8.8.8.8 (ఇంటర్నెట్‌లోని గూగుల్ చిరునామా) కూడా అవుతోంది, పేర్లతో మాత్రం ఏదీ తెరుచుకోవడం లేదు అంటే అది డీఎన్‌ఎస్ (పేర్లను ఐపీలుగా మార్చే సేవ) తప్పు. ‘రిజాల్వ్ డాట్ కాన్ఫ్’ ఫైలు చూసి సరిచేసుకోండి.

5. వీలాన్, పోర్ట్ సెక్యూరిటీ, ఫైర్‌వాల్

హోస్ట్ బాగుండి వీఎంలకు మాత్రమే లేనప్పుడు ఈ మూడింటిని ఇదే వరుసలో చూడండి.

వీలాన్: వీఎం కార్డుకు 20 అనే ట్యాగ్ (వీలాన్ సంఖ్య) ఇచ్చారనుకుందాం. అది పనిచేయాలంటే మూడు చోట్లా 20కి దారి ఉండాలి. వీఎం కార్డులో ట్యాగ్, బ్రిడ్జ్‌లో ‘వీలాన్ అవేర్’ గుర్తు, స్విచ్ పోర్టు ట్రంక్‌లో అనుమతి. స్విచ్‌లో వీలాన్ సృష్టించి, ట్రంక్ జాబితాలో చేర్చడం మరవడం మామూలే. ‘బ్రిడ్జ్ వీలాన్ షో’ ఆదేశం హోస్ట్ వైపు ఏ కార్డుకు ఏ ట్యాగులు ఉన్నాయో చూపుతుంది. ఇంకొక తప్పు ట్యాగ్‌ను రెండుసార్లు వేయడం: వీఎం కార్డుకు ప్రాక్స్‌మాక్స్‌లో ఒకసారి, వీఎం లోపలి లినక్స్‌లో మరొకసారి. ఎక్కడో ఒక్కచోటే వేయాలి.

పోర్ట్ సెక్యూరిటీ: కళాశాలల్లో, ఆసుపత్రుల్లో స్విచ్ పోర్టుకు ఒకే మ్యాక్ చిరునామా (ప్రతి నెట్‌వర్క్ కార్డుకూ ఉండే గుర్తింపు సంఖ్య) అని హద్దు పెడతారు. పిల్లలు సొంత రూటర్లు తగిలించకుండా ఉండటానికి అది మంచి ఏర్పాటే. కానీ వర్చువలైజేషన్ హోస్ట్ ఉన్న పోర్టు వెనుక హోస్ట్‌తో పాటు ప్రతి వీఎంకూ ఒక మ్యాక్ ఉంటుంది. ఫలితంగా మొదట మాట్లాడినవాడికి నెట్ వస్తుంది, మిగిలినవారికి రాదు, కొన్ని స్విచ్‌లలో పోర్టే మూతపడుతుంది. ‘రీబూట్ చేసిన ప్రతిసారీ వేరే వీఎంకు వస్తోంది’ అనే వింత ఫిర్యాదు వింటే దీన్నే అనుమానించండి. స్విచ్ చూసేవారిని అడిగి ఆ పోర్టుకు హద్దు తీయించండి.

ఇలాంటి కారణం వల్లే ల్యాప్‌టాప్ వైఫై మీద బ్రిడ్జ్ పెడితే సాధారణంగా పనిచేయదు. యాక్సెస్ పాయింట్ తనకు పరిచయమైన మ్యాక్‌ను తప్ప ఇంకొకదాన్ని లోపలికి రానివ్వదు. ఇంట్లో నేర్చుకునేవారు వైఫై అయితే నాట్ పద్ధతి (వీఎంలు హోస్ట్ చిరునామాతోనే బయటికి వెళ్లేది) వాడండి.

ఫైర్‌వాల్: ప్రాక్స్‌మాక్స్‌లో డేటాసెంటర్, హోస్ట్, వీఎం అని మూడు అంతస్తులు ఉంటాయి. డేటాసెంటర్ స్థాయిలో ఆన్ చేసి, లోపలికి వచ్చే నియమాలు రాయకపోతే హోస్ట్‌కు బయటి నుంచి వచ్చేవి దాదాపు అన్నీ మూసుకుపోతాయి; వీఎంలకు అది విడిగా ఆన్ చేస్తేనే వర్తిస్తుంది. పరీక్ష కోసం ఆ వీఎం కార్డుకు ఉన్న ఫైర్‌వాల్ గుర్తు ఒక్కటి తీసి చూడండి, మళ్లీ పెట్టడం మరవవద్దు.

ఇక్కడే డాకర్ (ప్రోగ్రాములను విడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) గురించి చెప్పాలి. హోస్ట్ మీద నేరుగా డాకర్ ఇన్‌స్టాల్ చేస్తే, అది లినక్స్ ఫైర్‌వాల్ అయిన ఐపీటేబుల్స్‌లో ‘ఫార్వర్డ్’ విధానాన్ని ‘డ్రాప్’గా, అంటే దాటిపోయే ప్యాకెట్లను పారేసేలా మార్చవచ్చు. బ్రిడ్జ్ మీద వెళ్లే ప్యాకెట్లను కూడా ఐపీటేబుల్స్ తనిఖీ చేసేలా కెర్నల్ అమరిక ఉంటే వీఎంలన్నీ ఒక్కసారిగా మూగబోతాయి. దీని గుర్తు ప్రత్యేకం: వీఎంలో గేట్‌వే మ్యాక్ కనిపిస్తుంది, పింగ్ మాత్రం పోదు. డాకర్‌ను ఒక వీఎం లోపల పెట్టుకోండి, హోస్ట్ మీద కాదు. దీనికి ఎన్ని దిద్దుబాట్లు ఉన్నా నా సలహా ఇదే.

6. రెండు కేబుళ్లను కలిపినప్పుడు

రెండు కార్డులను బాండ్ చేసినవారికి (ఒకటిగా కలిపినవారికి) మాత్రమే ఈ భాగం. స్విచ్ మీ చేతిలో లేకపోతే ‘యాక్టివ్-బ్యాకప్’ పద్ధతి వాడండి. దానికి స్విచ్ సహకారం అక్కరలేదు. ఎల్‌ఏసీపీ (రెండు తీగలనూ ఒకేసారి వాడేందుకు స్విచ్‌తో కుదుర్చుకునే పద్ధతి) కావాలంటే స్విచ్‌లోనూ అదే అమరిక ఉండాలి.

‘కొన్ని కంప్యూటర్లకు సర్వర్ కనిపిస్తోంది, కొన్నింటికి కనిపించడం లేదు’ అన్నది బాండ్ పొరపాటుకు గట్టి గుర్తు. ప్రాక్ డైరెక్టరీలో నెట్, అందులో బాండింగ్, అందులోని ‘బాండ్0’ ఫైలు చదవండి. భాగస్వామి మ్యాక్ అన్నీ సున్నాలుగా కనిపిస్తే అవతలి స్విచ్ ఎల్‌ఏసీపీ మాట్లాడటం లేదు. నిర్ధారించుకోవడానికి ఒక కేబుల్ పీకి చూడండి, తర్వాత అది పెట్టి రెండవది పీకి చూడండి.

7. ఒక్క వీఎంకే పోయినప్పుడు

వీఎం కన్సోల్ తెరిచి ఈ వరుసలో చూడండి:

- వీఎం హార్డ్‌వేర్ పట్టికలో నెట్‌వర్క్ కార్డు ఉందా, ‘డిస్‌కనెక్ట్’ గుర్తు పొరపాటున పడిందా, సరైన బ్రిడ్జ్‌కు తగిలి ఉందా?
- లోపల ఐపీ ఉందా? 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే డీహెచ్‌సీపీ సర్వర్ (ఐపీలు పంచేది) నుంచి జవాబు రాలేదని అర్థం. దాన్ని వదిలి, చేత్తో ఒక ఐపీ ఇచ్చి గేట్‌వేను పింగ్ చేయండి. పింగ్ అయితే లోపం డీహెచ్‌సీపీదే.
- సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే సరిగ్గా ఉన్నాయా? పక్క వీఎంతో పోల్చండి.

క్లోన్ చేసిన (మరొకదాని నుంచి నకలు తీసిన) వీఎం అయితే అనుమానం రెండింతలు చేయండి. కొత్త క్లోన్ పాత వీఎం ఐపీనే పట్టుకుని లేస్తే రెండూ తడబడతాయి. ‘ఆర్పింగ్’ ఆదేశానికి పెద్ద ‘డీ’ ఎంపిక ఇచ్చి ఆ చిరునామాను పరీక్షిస్తే ఇంకెవరైనా వాడుతున్నారో తెలుస్తుంది. లినక్స్‌లో ఇంకొక చిక్కు ఉంది: క్లోన్‌లో ‘మెషీన్ ఐడీ’ కూడా నకలు అవుతుంది. ఉబుంటు వంటి వాటిలో డీహెచ్‌సీపీ గుర్తింపు దాని నుంచే వస్తుంది కాబట్టి, మ్యాక్‌లు వేరైనా రెండింటికీ ఒకే ఐపీ దక్కవచ్చు. టెంప్లేట్ చేసే ముందే ఆ ఐడీ ఫైలును ఖాళీ చేయండి.

వేరే వేదిక నుంచి తెచ్చిన విండోస్ వీఎంలో రెండు చూడాలి. వర్ట్‌ఐఓ (ప్రాక్స్‌మాక్స్‌లో వాడే ఒక వర్చువల్ కార్డు రకం) డ్రైవర్ లేకపోతే కార్డే కనిపించదు. ఆ పరిస్థితిలో తాత్కాలికంగా కార్డు రకాన్ని ‘ఈ1000’కు మార్చి, డ్రైవర్ వేసుకుని మళ్లీ వర్ట్‌ఐఓకు రండి. రెండవది, పాత కార్డు దాగి ఉండి ఐపీని పట్టుకుని కూర్చుంటుంది. డివైస్ మేనేజర్‌లో దాగిన పరికరాలను చూపించమని చెప్పి, పాత కార్డును తీసేయాలి.

అంతా బాగున్నా పింగ్ కాకపోతే విండోస్ ఫైర్‌వాల్‌ను మరవవద్దు. కార్డు మారగానే విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్‌గా లెక్కించి ‘పబ్లిక్’ విభాగంలో వేయవచ్చు, అప్పుడు పింగ్‌కు జవాబు ఇవ్వదు. వీఎం నుంచి బయటికి పింగ్ పోతోంది, బయటి నుంచి రావడం లేదు అంటే కారణం ఇదే అయి ఉంటుంది.

8. ప్యాకెట్ వెంట నడవండి

ఇప్పటికీ దొరకలేదా? ఇక ఊహలు ఆపి కళ్లతో చూడాలి. నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఇది. పల్లెలో కాలువ నీళ్లు చివరి మడికి రాకపోతే గట్టు వెంట నడుచుకుంటూ గండి ఎక్కడ పడిందో చూస్తాం కదా, అచ్చంగా అలాగే.

వీఎం 100 నుంచి గేట్‌వేకు ఆగకుండా పింగ్ పెట్టండి. ‘టీసీపీడంప్’ను (ప్యాకెట్లను తెర మీద చూపే ఆదేశం) మూడు చోట్ల ఒకదాని తర్వాత ఒకటి నడపండి, ఏఆర్‌పీ (ఈ ఐపీ ఎవరిదని మ్యాక్ అడిగే ప్రశ్న), ఐసీఎంపీ (పింగ్ ప్యాకెట్లు) మాత్రమే చూపమని వడపోత ఇచ్చి. మొదటి రెండు చోట్లు హోస్ట్‌లోనే.

మొదటి చోటు వీఎం ట్యాప్ కార్డు, అంటే వీఎం నుంచి బ్రిడ్జ్‌కు వచ్చే వర్చువల్ తీగ కొస. దాని పేరు ‘ట్యాప్100ఐ0’లా ఉంటుంది, మధ్యలోని సంఖ్య వీఎం సంఖ్యే. ఇక్కడ ఏమీ కనిపించకపోతే వీఎం అసలు పంపడమే లేదు, లోపం దాని కడుపులోనే ఉంది.

రెండవ చోటు బ్రిడ్జ్ దాటిన తర్వాత అసలు కార్డు. ట్యాప్‌లో కనిపించి ఇక్కడ కనిపించకపోతే మధ్యలో ఫైర్‌వాల్ లేదా వీలాన్ అమరిక మింగేసింది. ఇక్కడ ‘ఈ’ ఎంపిక కూడా ఇస్తే వీలాన్ ట్యాగ్ కనిపిస్తుంది, అనుకున్న సంఖ్యే ఉందా చూడండి.

అసలు కార్డు నుంచి ప్రశ్న బయటికి పోతోంది, జవాబు రావడం లేదు అంటే మీ హోస్ట్ నిర్దోషి. స్విచ్ దగ్గరికి వెళ్లండి. ఈ తెర ఫొటో తీసి స్విచ్ చూసేవారికి పంపితే ‘మా వైపు అంతా బాగుంది’ అనే వాదన త్వరగా ముగుస్తుంది.

మూడవ చోటు, పింగ్ అందుకునే అవతలి కంప్యూటర్. జవాబు అక్కడ బయలుదేరి దారిలో పోతోందా, అసలు బయలుదేరడమే లేదా అన్నది తేలుతుంది.

9. అప్పుడప్పుడు పోయి వచ్చేవి

పూర్తిగా పోయినదాన్ని పట్టడం తేలిక. పోయి వచ్చేవే మనిషిని సతాయిస్తాయి.

స్విచ్ దీపాలన్నీ ఒకే తాళంలో గబగబా మిణుకుతూ, భవనమంతా నెమ్మదిస్తే లూప్ ఏర్పడింది. ఎవరో బల్ల కింది చిన్న స్విచ్‌లో ఒకే కేబుల్ రెండు కొసలూ పెట్టి ఉంటారు. చీపురు పట్టి ఊడ్చేవారు వేలాడుతున్న కొసను చూసి ‘ఊడిపోయింది పాపం’ అని దగ్గరి రంధ్రంలో పెట్టిన సంఘటన నాకు ఎదురైంది. అప్‌లింక్‌లు ఒక్కొక్కటిగా పీకుతూ వెళ్లండి, ఏది పీకితే శాంతిస్తుందో ఆ దారిన వెతకండి.

పింగ్ పోతుంది, వెబ్ పేజీ సగంలో ఆగుతుంది, ఫైలు కాపీ మొదలై నిలిచిపోతుంది అంటే ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ పరిమాణం) తేడా. ముక్కలు చేయవద్దనే ఎంపికతో 1472 బైట్ల పింగ్ పంపండి. దానికి 28 బైట్ల శీర్షికలు కలిస్తే 1500 అవుతుంది. అది పోవాలి. జంబో ఫ్రేములు పెట్టి ఎంటీయూ 9000 చేశామంటే 8972 పోవాలి. పోకపోతే దారిలో ఒక స్విచ్ అయినా 9000కు సిద్ధంగా లేదు. చిన్న గదుల్లో 1500తో ఉండిపోవడమే సుఖం.

భారం పెరిగినప్పుడే కార్డు పడిపోయి కొన్ని సెకన్లలో లేస్తుంటే కెర్నల్ సందేశాలు చదవండి. ‘ఈ1000ఈ’ డ్రైవర్ వాడే కార్డుల్లో ‘హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్’ అనే సందేశం పేరుమోసింది. ‘ఈథ్‌టూల్’కు పెద్ద ‘కే’ ఎంపికతో టీఎస్‌ఓ, జీఎస్‌ఓ (పెద్ద డేటాను ప్యాకెట్లుగా ముక్కలు చేసే సదుపాయాలు) రెండింటినీ ఆపితే చాలా సందర్భాల్లో తగ్గుతుంది. రీబూట్ తర్వాతా నిలవాలంటే ఆ ఆదేశాన్ని ఇంటర్‌ఫేసెస్ ఫైలులో ‘పోస్ట్-అప్’ వరుసగా చేర్చాలి.

స్విచ్ పోర్టు లేచిన తర్వాత సుమారు 30 సెకన్లు మౌనంగా ఉండి అప్పుడు పనిచేస్తే అది స్పానింగ్ ట్రీ (లూప్‌లను ఆపే స్విచ్ ఏర్పాటు) వేచి ఉండే సమయం. హోస్ట్ పోర్టును ఎడ్జ్ పోర్టుగా (ఆ వేచి ఉండటం లేనిది) పెట్టించండి.

10. ఈఎస్ఎక్స్‌ఐ, హైపర్-వీ వాడేవారికి

వరుస ఇదే, పేర్లే వేరు.

ఈఎస్ఎక్స్‌ఐలో కన్సోల్ దగ్గర ఎఫ్2 నొక్కి లోపలికి వెళితే ‘టెస్ట్ మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్’ ఉంటుంది. గేట్‌వే, డీఎన్‌ఎస్ రెండూ అదే పరీక్షించి చెబుతుంది. స్టోరేజి దారిని చూడటానికి మామూలు పింగ్ కాకుండా ‘వీఎంకేపింగ్’ వాడి, ఏ ‘వీఎంకే’ కార్డు (హోస్ట్ సొంత వర్చువల్ కార్డు) నుంచి పంపాలో చెప్పండి. పోర్ట్ గ్రూపులో వీలాన్ 0 అంటే ట్యాగ్ లేదని, 4095 అంటే అన్ని ట్యాగులనూ వీఎంకు వదిలేయమని అర్థం. రెండు కార్డులను కలిపేటప్పుడు ‘ఐపీ హ్యాష్’ పద్ధతి ఎంచుకుంటే స్విచ్‌లోనూ పోర్టులను కలిపి ఉంచాలి, లేకపోతే 6వ భాగంలో చెప్పిన లక్షణాలే వస్తాయి. ‘ఈఎస్ఎక్స్‌టాప్’లో ‘ఎన్’ నొక్కితే ఏ వీఎం ఏ అప్‌లింక్ మీద ఉందో కనిపిస్తుంది.

హైపర్-వీలో మొదటి ప్రశ్న స్విచ్ రకం. ‘ఎక్స్‌టర్నల్’ అయితేనే వీఎం నేరుగా భవనం నెట్‌వర్క్‌లోకి వెళుతుంది. ‘ఇంటర్నల్’ హోస్ట్ వరకే, ‘ప్రైవేట్’ అయితే వీఎంల మధ్యే. ఎక్స్‌టర్నల్ స్విచ్ సృష్టించిన తర్వాత హోస్ట్ ఐపీ కొత్తగా పుట్టిన ‘వీఈథర్నెట్’ కార్డు మీద ఉంటుంది, పాత కార్డు మీద వెతకవద్దు.

11. ఎక్కువగా చూసే తప్పులు

ఒకేసారి నాలుగు మార్చడం అన్నిటికంటే పెద్దది. బాగుపడినా ఏది మందో తెలియదు, చెడినా ఏది విషమో తెలియదు. ఒకటి మార్చండి, పరీక్షించండి, ఫలించకపోతే దాన్ని పాత స్థితికి తెచ్చి తర్వాతే ఇంకొకటి ముట్టుకోండి.

రెండవది, చూడకముందే రీబూట్ చేయడం. రీబూట్‌తో ఏఆర్‌పీ పట్టిక, లోపాల లెక్కలు తుడిచిపెట్టుకుపోతాయి. రీబూట్ తప్పనిసరి అనుకున్నా ముందు ‘ఐపీ లింక్’, ‘ఐపీ రూట్’, ‘ఐపీ నెయ్’, కెర్నల్ సందేశాలు ఫైలులో దాచండి.

మూడవది, క్లస్టర్‌లో (కలిసి పనిచేసే హోస్ట్‌ల గుంపులో) ఉన్న హోస్ట్‌ను ఒంటరి హోస్ట్‌లా చూడటం. హై అవైలబిలిటీ (హెచ్‌ఏ, ఒక హోస్ట్ పడితే దాని వీఎంలు మరొకదానిలో లేచే ఏర్పాటు) పెట్టిన ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌లో నెట్‌వర్క్ తెగితే ఆ హోస్ట్ మిగతావాటి నుంచి విడిపోయి తనను తాను రీబూట్ చేసుకుంటుంది. కేబుల్ పరీక్షించే ముందు హెచ్‌ఏ జాబితాలో ఉన్న వీఎంలను వేరే హోస్ట్‌కు తరలించండి.

12. బాగుపడిన తర్వాత

నెట్ రాగానే టీ తాగడానికి వెళ్లవద్దు. వినియోగదారులకు చెప్పి, పని లేని వేళలో హోస్ట్‌ను ఒకసారి పూర్తిగా రీబూట్ చేసి చూడండి. ఆదేశంతో చేసిన దిద్దుబాటు ఫైలులోకి ఎక్కకపోతే అది మళ్లీ కరెంటు పోయేదాకానే బతుకుతుంది.

తర్వాత ఒక కాగితం రాసి ర్యాక్ తలుపు లోపలి వైపు అంటించండి. అందులో ఉండవలసినవి:

- హోస్ట్ ఐపీ, గేట్‌వే, డీఎన్‌ఎస్, రిమోట్ కన్సోల్ చిరునామా
- ప్రతి కార్డు పేరు, మ్యాక్, స్విచ్ పోర్టు సంఖ్య
- ఏ వీలాన్ సంఖ్య దేనికి
- చివరిసారి ఏం చెడింది, ఏ తేదీన, ఏం మార్చాం

పాస్‌వర్డులు మాత్రం ఆ కాగితం మీద రాయవద్దు. ఇంకొకటి, ప్రింటర్ సిరాతో తీసినది వెలిసిపోవచ్చు, బాల్ పెన్నుతో రాయండి.